ఎవరి సాయమూ లేకుండా

సుబ్బరత్నమ్మకు నీళ్ళు ముందు పాదాల మీద పోయాలి. తర్వాత మోకాళ్ళు, ఆ తర్వాత వీపు. ఒక్కసారిగా నెత్తిన పోస్తే ఊపిరందక చేతులు కొట్టుకుంటుంది. ఈ వరస నాగలతకు ఎవరూ నేర్పలేదు. పోయగా పోయగా తెలిసింది. బాత్‌రూంలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, అది ఒంటికి చల్లగా తగలకుండా పాత తువ్వాలు పరిచి, మంచం మీదున్న అత్తగారి చంకల కింద చేతులు పెట్టి లేపుతుంది. లేపి తన మీదికి ఆనించుకుంటుంది. ఇక అక్కడి నుంచి ఇద్దరూ నాలుగు కాళ్ళున్న ఒకే ప్రాణిలాగా గడప దాటి వస్తారు.

"సబ్బు కళ్ళల్లో పడిందంటే ఊరుకోను నేను."

"ఊరుకోకుంటే ఏం జేస్తవ్ అత్తమ్మా? లేచి కొడ్తవా?"

"నేను లేచేదాకా నువ్వుంటావా? ఈలోపు పినపాక పారిపోతావు."

"పోదును గని, చేతులకు సబ్బున్నది."

పినపాక నాగలత పుట్టిల్లు. అక్కడి నుంచి చండ్రుగొండ పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమె అత్తగారిని నువ్వు అని పిలిస్తే ఇంట్లో పెద్ద గొడవైంది. వీళ్ళది గోదావరి అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో అత్తలనూ మామలనూ మీరు అనాలి. "అత్తగారిని నువ్వంటుందేంటి, మేకలు కాసేదానిలాగా," అని ఆడపడుచు రాజ్యశ్రీ మూతి తిప్పింది. అప్పుడు సుబ్బరత్నమ్మే అంది, "మీరు అంటే ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంటుందే నాకు. దాన్ని నువ్వనే అననీ." ఆ ఒక్క మాటతో నాగలత ఆ ఇంట్లో పడిపోయింది. ఎంతగా పడిపోయిందంటే, మళ్ళీ లేవలేదు. ఇప్పుడామెకు యాభై ఆరు దాటాయి.

ఆ రోజు స్నానమయ్యాక వసారాలో ఎండ పడేచోట కూర్చోబెట్టి తల తుడుస్తుంటే ఒక అమ్మాయి వచ్చింది. పేరు ఆతియా. ఖమ్మం నుంచి బస్సులో వచ్చి, చండ్రుగొండ సెంటర్‌లో ఆటో మాట్లాడుకుని వచ్చిందట. నెత్తిన చున్నీ, భుజాన సంచీ, చేతిలో పలకంత ట్యాబ్. ఎనభై అయిదు దాటినవాళ్ళ ఆరోగ్యం ఎట్లా ఉంది, వాళ్ళ బతుకు ఎట్లా వెళ్ళిపోతోంది అని హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్నారనీ, ఈ మండలంలో అట్లాంటి పెద్దవాళ్ళను వెతికి మాట్లాడడం తన పననీ చెప్పింది.

"వయసెంత అమ్మమ్మా?"

"తొంభై రాసుకో."

"ఆధార్ల ఎనభై ఏడున్నది," అంది నాగలత.

"ఆధార్ నాకంటే ముందు పుట్టిందా ఏంటి?"

ఆతియా నవ్వు ఆపుకుంది. వసారా అవతల కొడుకు బసవపున్నయ్య పురుగుమందు పంపు విప్పి బాగుచేసుకుంటున్నాడు. చేతులు పని చేస్తున్నాయి గానీ చెవులు ఇటే ఉన్నాయి.

"అమ్మమ్మా, ఇప్పుడు అడిగేటియి జర ఓపికగ చెప్పాలె. స్నానం చేసేటందుకు ఎవరి సాయమన్న అవసరమైతదా, మీరే చేస్తరా?"

"సాయమా? ఎందుకమ్మా? నేనే చేస్తాను."

నాగలత చేతిలో తువ్వాలు ఆగింది. అత్తగారి తల నుంచి ఇంకా నీటిచుక్కలు కారుతున్నాయి. తన చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసే ఉన్నాయి.

"బట్టలు కట్టుకునేటందుకు?"

"నేనే."

"మంచం మీదికెళ్ళి లేచేటందుకు?"

"నేనే లేస్తాను. నాకేం రోగం?"

నాగలత ఏదో అనబోయింది. ఆతియా చెయ్యి కొంచెం ఎత్తి, "అమ్మా, ఏమనుకోవద్దు. పక్కనున్నోళ్ళు చెప్పొద్దు. పెద్దామె ఏం చెప్తే నేను గదే నొక్కాలె," అంది మర్యాదగానే. కానీ ఆ పిల్ల కళ్ళు మాత్రం తడిసిన కుచ్చిళ్ళ మీద కాసేపు నిలిచిపోయాయి.

దొడ్డికి వెళ్ళడం, అన్నం తినడం, ఇంట్లో తిరగడం, అన్నిటికీ అదే జవాబు. ఎవరి సాయమూ లేదు, దేవుడి దయ. ఒంట్లో నొప్పులా, ఏం లేవు. చివరికి మీ బతుకు మీద మీకెంత తృప్తి ఉంది, పదికి ఎన్ని మార్కులు వేస్తారు అనడిగితే, "పది వెయ్యి. పదకొండు ఉంటే పదకొండు," అంది సుబ్బరత్నమ్మ. పోయేముందు ఆతియా, నెల తిరిగాక ఇంకోసారి వస్తాననీ, అప్పుడు కుర్చీలోంచి లేవడం, నడవడం లాంటివి చేయించి చూస్తాననీ చెప్పింది.

సాయంత్రానికి ఊరందరికీ తెలిసింది. బసవపున్నయ్య చెడ్డవాడు కాదు. తల్లి అంటే ప్రాణం. పొద్దున లేవగానే వచ్చి, మంచం పక్కన నిలబడి, "అమ్మా, ఎట్లా ఉన్నావ్?" అని అడిగి గానీ పొలం వెళ్ళడు. అడిగే వేళకు తల్లికి పక్కబట్టలు మార్చి, మొహం కడిగి, దువ్వి, కాఫీ కూడా పట్టి ఉంటారు. కడిగిన మొహమే అతనికి కనిపిస్తుంది. అందుకని ఆ రోజు హోటల్ దగ్గర కూర్చుని, "మా అమ్మ తొంభైలో కూడా ఎవరి సాయం లేకుండా బతుకుతుందిరా, సర్వేలో తేలింది. ఆ తరం తిండే వేరు," అని చెప్పుకుంటే అందులో అబద్ధం లేదు. ఖమ్మంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి కూడా అదే చెప్పాడు. రాజ్యశ్రీ వదినను పిలిచి, "నువ్వు అదృష్టవంతురాలివి వదినా. మా అత్తగారు చూడు, మంచంలోనే అన్నీ. నీకా బాధ లేదు," అంది. నాగలత అవ్ అంది. ఫోన్ పెట్టేసి వెళ్ళి మంచంలోని రబ్బరు గుడ్డ ఉతికి ఆరేసింది.

నాగలతకు గర్భసంచి జారింది. చాలాకాలంగానే పొత్తికడుపులో బరువు. కూర్చుని లేస్తే లోపలిదేదో కిందికి దిగుతున్నట్టు ఉండేది. ఎవరికీ చెప్పుకునేది కాదది. కొత్తగూడెంలో ఉద్యోగం చేసే కూతురు జ్యోత్స్న ఒకసారి వచ్చినప్పుడు తల్లి నడక చూసి కోప్పడి ఖమ్మం తీసుకెళ్ళింది. ఆపరేషన్ చేయాలి, తర్వాత ఆరు వారాలు బిందె కూడా ఎత్తకూడదు అంది డాక్టరమ్మ. ఇంటికొచ్చి మొగుడికి చెబితే, "ఆ వయసొచ్చినాక ఆడవాళ్ళందరికీ ఉండేదేగా," అన్నాడు. తర్వాత, "సరే, పత్తి తీతలైపోనీ," అన్నాడు. పత్తి అయ్యాక, మిరప కోతలైపోనీ అన్నాడు. ఆ రెండూ అయిపోయాయి. ఇప్పుడిక పంట కూడా అడ్డం లేదు కదా అని ఆ వారంలోనే నాగలత అన్నం పెడుతూ కదిపింది.

"ఆపరేషన్‌కు పోత. ఆరు వారాలు అత్తమ్మను లేపొద్దు నేను. ఎవరన్న ఉండాలె."

"లేపేదేముంది? అమ్మే లేస్తుందిగా. నీ ముందే చెప్పింది."

"చెప్పింది గని..."

"అంటే? మా అమ్మ అబద్ధమాడిందంటావా?"

నాగలత చారు గరిటె గిన్నెలో పెట్టేసింది. ఆ ప్రశ్నకు ఔనన్నా తప్పే, కాదన్నా తప్పే. రాజ్యశ్రీకి ఫోన్ చేసి రమ్మంటే ఇంకా తేలిగ్గా తేల్చింది. "నేనొచ్చి ఏం చేయాలి వదినా? అమ్మకి అన్నీ అమ్మే చేసుకుంటుందాయె. నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా. నీకు జ్యోత్స్న ఉంటుంది, అమ్మకి అమ్మ ఉంటుంది."

అమ్మకి అమ్మ ఉంటుంది. ఆ మాట నాగలత వెంట ఇల్లంతా తిరిగింది. గేదెకు కుడితి పెడుతుంటే వచ్చింది, పెరట్లో తోటకూర గిల్లుతుంటే వచ్చింది. నిజంగా ఆ అమ్మ ఒకతి ఎక్కడైనా ఉంటే బాగుండును. పొద్దున్నే లేచి ఈ అమ్మను లేపి, నీళ్ళు పోసి, చీర చుట్టి, అన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టి, మధ్యాహ్నం పక్కకు తిప్పి పడుకోబెట్టి, వీపు ఒరుసుకుపోకుండా పౌడరు చల్లే ఇంకో అమ్మ. నాగలతకు ఒక్కసారి అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళూ ఆ పనులన్నీ చేసింది తనేనా? చేస్తే ఎవరో ఒకరు చూసి ఉండాలి కదా. ఇంట్లో మనుషులున్నారు, వచ్చేపోయే చుట్టాలున్నారు. అందరూ శుభ్రంగా ఉన్న ముసలమ్మను చూసి, ఆమె ముఖంలో కళ చూసి, వెళ్ళొస్తామని చెప్పి వెళ్ళారు. తనను చూసి కాఫీ బాగుంది అన్నారు. అందరి సంగతి సరే, ఈ ముసలమ్మ సంగతేంటి? తన చేతుల్లో ఆ ఒంటి బరువు ఎంతో తనకు తెలిసినప్పుడు, ఆ ఒంటికి ఈ చేతులు తెలియవా? నిన్నెవరు లేపారంటే నేనే లేచానని ఎట్లా చెప్పింది? కోపం వచ్చింది. వస్తూనే నవ్వు కూడా వచ్చింది, ఆధార్ నాకంటే ముందు పుట్టిందా అన్న మాట గుర్తొచ్చి. ఆ ముసలమ్మ మీద కోపం నిలవదు. అదే కష్టం. నిలిచే మనిషైతే ఎప్పుడో తేల్చుకునేది.

మర్నాడు మధ్యాహ్నం, ఇంట్లో మగవాళ్ళెవరూ లేనప్పుడు, అత్తగారి కాళ్ళకు నూనె రాస్తూ అడిగేసింది.

"ఆ పిల్లతోటి గట్లెందుకు చెప్పినవ్ అత్తమ్మా?"

"ఏమని?"

"ఎవరి సాయం లేదని."

"ఎవరి సాయం ఉందే? మనింటికి ఎవరొస్తున్నారు?"

"నేనేంది మరి?"

సుబ్బరత్నమ్మ నిజంగానే తెల్లబోయింది. చూపు మందగించిన కళ్ళను చికిలించి కోడలి వైపు చూసింది. "నువ్వా? నువ్వు చేసేది సాయమేంటే? సాయమంటే నాట్లప్పుడు పక్కచేనివాళ్ళు రావడం. మీ మామ పోయినప్పుడు ఊళ్ళోవాళ్ళు వచ్చి పాడె కట్టారు, అది సాయం. వాళ్ళింట్లో అవసరం వస్తే మనం వెళ్ళాలి. ఇంట్లో మనిషి చేసేదాన్ని సాయం అంటారా ఎవరన్నా? నా చెయ్యి నాకు అన్నం పెడితే సాయం చేసిందంటానా? నువ్వేమన్నా బయటిదానివా?"

నాగలత చేతులు మోకాలి మీదే ఉండిపోయాయి. ఇంతకంటే ప్రేమగా తనతో ఎవరూ మాట్లాడలేదు. కన్నతల్లి కూడా, ఆడపిల్లవి, వేరే ఇంటిదానివి అనే పెంచింది. ఇక్కడ ఒక ముసలమ్మ, నువ్వూ నేనూ వేరు కాదంటోంది. అది విని కళ్ళు తడిశాయి. ఆ తడి ఆరకముందే లోపల ఇంకో నాగలత లేచి కూర్చుంది. వేరు కాకపోతే మరి నేనెక్కడున్నాను? ఈమెలో కలిసిపోతే నా పొత్తికడుపు కూడా కలవాలి కదా. పని కలిసింది, నొప్పి మాత్రం విడిగా నా దగ్గరే ఉండిపోయింది.

"మా అత్తకు పక్షవాతం వచ్చింది," అంది సుబ్బరత్నమ్మ, అడగకుండానే. "నీ పెళ్ళికి ముందే పోయింది, నువ్వెరగవు. మంచంలో ఉన్నన్నాళ్ళూ నేనే ఎత్తేదాన్ని, నేనే దించేదాన్ని. ఎవరూ సాయం అనలేదు. 'సుబ్బరత్నం ఉందిగా' అనేవాళ్ళు. ఇంటికి గుంజ ఉన్నట్టు."

"నీకు నడుం నొయ్యలేదా?"

"నొచ్చింది."

"ఎవరికి చెప్పినవ్?"

"ఎవరడిగారని చెప్పను?"

పెరట్లో గేదె మెడగంట ఒకసారి కదిలి ఆగింది. నాగలత రెండో కాలు ఒళ్ళోకి తీసుకుంది.

"సరే అత్తమ్మా, నేను నీ చెయ్యినే అనుకో. చెయ్యికి నొప్పి పుడ్తే మనిషికి తెలుస్తది గదా?"

సుబ్బరత్నమ్మ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకుంది నాగలత.

"తెలుసు," అంది చివరికి. "నన్ను లేపేటప్పుడు నువ్వు ఊపిరి బిగబడతావు. కూర్చోబెట్టాక గోడ పట్టుకుని కాసేపు నిలబడతావు. నాకు కళ్ళు కనపడవు గానీ అవన్నీ తెలుస్తాయి. నువ్వు పున్నయ్యతో చెప్పుకునేవీ ఈ మంచం దాకా వినబడతాయి."

"తెలిసి గూడ గట్ల చెప్పినవా?"

"తెలిసి కూడా," అంది ముసలమ్మ. "నేను లేవలేనని ఒకసారి నా నోటితో చెప్పాననుకో, ఇక నేను మంచాన పడ్డదాన్ని. పున్నయ్య పొద్దున్నే వచ్చి ఎట్లా ఉన్నావని అడగడే. నా గురించి నిన్ను అడుగుతాడు. నన్ను పక్కన పెట్టుకునే నా సంగతి మాట్లాడుకుంటారు, ఇంట్లో సామాను గురించి మాట్లాడినట్టు. మా అత్త విషయంలో మేమట్లాగే చేశాం." అని గోడవైపు మొహం తిప్పుకుంది.

నాగలత నూనె గిన్నె మూత పెట్టి, అరికాళ్ళు కూడా రుద్ది, దుప్పటి కప్పింది. ఆ మనిషి పరువును తన చేత్తో విప్పి వసారాలో ఆరేయడం తనవల్ల కాదు. ఆపరేషన్ లేకుండా ఇంకా ఎన్నాళ్ళు నెట్టుకురాగలదో కూడా తెలియదు. డాక్టరమ్మ మళ్ళీ ఇచ్చిన తారీఖు దగ్గరపడుతోంది. ఈసారీ దాటిస్తే జ్యోత్స్న మొహం చూడలేదు.

నెల తిరిగాక చెప్పినట్టే ఆతియా వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ ఫొటోలు ఏదో పత్రికలో వేస్తారని ఎవరో అనడంతో రాజ్యశ్రీ ఖమ్మం నుంచి జరీ అంచు చీర పట్టుకుని దిగింది. బసవపున్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సుబ్బరత్నమ్మను వసారాలో చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చోబెట్టింది నాగలతే. ఎప్పటిలాగే ఆ పక్కనే నిలబడింది.

"అమ్మమ్మా, ఇప్పుడు కుర్చీలకెళ్ళి లేచి నిలబడాలె. ఎవర్నీ పట్టుకోకుండ. నిమ్మళంగ లేవుండ్రి, తొందరేం లేదు."

"దానికేం భాగ్యం," అంది సుబ్బరత్నమ్మ. ఆమె చెయ్యి దానంతటదే పక్కకు లేచింది. నాగలత చెయ్యి కూడా దానంతటదే వచ్చి అందుకుంది. ముసలమ్మ లేచి నిలబడింది. రాజ్యశ్రీ చప్పట్లు కొట్టింది.

"అట్ల గాదమ్మమ్మా," అంది ఆతియా మెల్లగా. "సాయం లేకుండ."

"ఎవరు చేశారమ్మా సాయం?"

ఎవరూ నవ్వలేదు. ఆతియా నాగలత వైపు తిరిగి, "అమ్మా, మీరు జర పక్కకు జరుగుతరా? పడకుండ నేను చూసుకుంట," అంది. నాగలత అత్తగారిని మళ్ళీ కూర్చోబెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. ఊరుకుంటే చేతులు ముందుకొచ్చేస్తాయని వీపు వెనక్కి పెట్టి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది.

సుబ్బరత్నమ్మ ముందుకు వంగింది. చెయ్యి పక్కకు లేచింది. అక్కడ ఏమీ తగల్లేదు. ఇంకొంచెం జాపింది. వేళ్ళు గాలిని తడిమాయి, చీకట్లో స్విచ్చి కోసం తడిమినట్టు. బసవపున్నయ్య చూస్తున్నాడు. రాజ్యశ్రీ చూస్తోంది. ఆ చెయ్యి అట్లా గాలిలో నిలబడిపోయింది. నాగలత గోళ్ళు తన అరచేతుల్లోకి దిగాయి. ఒక్క అడుగు వేస్తే అయిపోతుంది, ఎన్ని వేలసార్లు వేసింది కాదు ఆ అడుగు. వేయలేదు. ముసలమ్మ చెయ్యి దించుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"పోనీలే అమ్మమ్మా. తర్వాత చూద్దాం," అంది ఆతియా. "పోయినసారి అడిగినయే ఇంకోపాలి అడగాలె. ఒంట్ల ఎక్కడన్న నొప్పి ఉందా? అప్పుడు లేదన్నరు."

"ఉంది," అంది సుబ్బరత్నమ్మ.

బసవపున్నయ్య ముందుకు వంగాడు. "ఎక్కడమ్మా? నాకెప్పుడూ చెప్పలేదే?"

"పొత్తికడుపులో," అంది ఆమె, కొడుకుతో కాదు, ఆతియాతో. "పొద్దున లేచినప్పుడు అంతగా ఉండదు. మనిషిని లేపి దించితే మొదలవుతుంది. పొద్దు వాలేసరికి లోపలిదేదో కిందికి జారినట్టు బరువు. అప్పుడిక గోడ పట్టుకుంటేనే నిలబడేది."

"అమ్మా!" అంది రాజ్యశ్రీ. అన్నయ్య ముందు ఆ మాటలేంటన్నట్టు.

"డాక్టర్‌కు చూపిచ్చిన్రా?"

"చూపించారు. ఆపరేషన్ చేయాలంది. పత్తి తీతలని ఆపారు. మిరప కోతలని ఆపారు."

ట్యాబ్ మీద ఆతియా వేలు ఆగిపోయింది. ఒకసారి ముసలమ్మను, ఒకసారి గోడకు ఆనుకుని బిగుసుకుపోయిన నాగలతను చూసింది. "అమ్మమ్మా, ఇది మీ నొప్పేనా?"

"నువ్వు పోయినసారి అడిగావు. స్నానం నేనే చేస్తానన్నాను. నేనే లేస్తానన్నాను. ఆ చేసే నేను ఇదిగో, ఇది," అని చెయ్యి నాగలత ఉన్న వైపు చూపింది. చూపు ఆనకపోయినా చెయ్యి సరిగ్గా ఆమె వైపే వెళ్ళింది. "పని నాదని రాసుకున్నప్పుడు నొప్పి కూడా నాదనే రాయాలమ్మా. అట్లా కుదరదంటే రెండూ కొట్టెయ్యి."

బసవపున్నయ్య ఇస్త్రీ చొక్కా గుండీ ఒకటి పట్టుకుని తిప్పుతున్నాడు.

"రెండూ కొట్టేస్త అమ్మమ్మా," అంది ఆతియా. "మళ్ళ మొదటికెళ్ళి అడుగుత. మీకు స్నానం ఎవరు చేపిస్తరు?"

"నాగలత."

"బట్టలు?"

"నాగలత."

"మంచం మీదికెళ్ళి ఎవరు లేపుతరు?"

"నాగలత."

ఒక్కొక్క ప్రశ్నకూ ఆ పేరు పడుతూనే ఉంది. ఆ ఇంట్లో నాగలతా అని పిలిచారంటే ఏదో పని పడ్డట్టే. పని లేకుండా ఆమె పేరు అన్నిసార్లు వినబడడం అదే మొదలు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళబోయి, మళ్ళీ ఆగి, అక్కడే గడప మీద కూర్చుంది. ఒకరు తన గురించి మాట్లాడుతుంటే కూర్చుని వినాలనిపించింది.

"తృప్తికి పదికి పది అన్నరు. అది మార్చాల్నా?"

"అది మార్చకు," అంది సుబ్బరత్నమ్మ. "అది నిజమే."

ఆతియా వెళ్ళాక అసలు గొడవ మొదలైంది. తప్పు ఎవరిదన్న ఊసే రాలేదు. ఆరు వారాలు ఎవరు చూడాలన్నదే గొడవ. పనిమనిషిని పెడదామన్నాడు కొడుకు. తెలియని చేతులు తనకొద్దంది తల్లి. "రాజ్యశ్రీ ఉంటుంది. చీర కట్టడం, పక్క మార్చడం అది చేస్తుంది. లేపి నీళ్ళు పోసేది నువ్వు."

"నేనా? నేనెట్లా అమ్మా? ఆడమనిషికి..."

"చిన్నప్పుడు నీకు పోసినప్పుడు మగపిల్లాడివని కళ్ళు మూసుకుని పోశానట్రా?"

రాజ్యశ్రీ కిసుక్కుమంది. "నవ్వకు," అంది తల్లి. "నువ్వు కూడా ఆదివారానికల్లా పెట్టెతో రావాలి. మీ ఆయనకు అన్నం వండుకోవడం వచ్చో రాదో ఈ దెబ్బతో తెలుస్తుంది."

సాయంత్రం బసవపున్నయ్య పెరట్లోకి వచ్చాడు. నాగలత పాలు పితకడానికి వంగబోతుంటే, చెంబు తనే అందుకుని, అక్కడే నిలబడ్డాడు. గేదె వైపు చూస్తూ అన్నాడు, "అంత నొప్పిగా ఉంటే చెప్పొచ్చుగా."

"చెప్పిన."

"ఎప్పుడు?"

ఆమెకు దెప్పడం ఇష్టం లేకపోయింది. "మీకు వినబడేటట్టు చెప్పుడు నాకు రాలేదు. అత్తమ్మకు వచ్చింది," అంది. అతను తలొంచుకుని గేదె పొదుగు దగ్గర కూర్చున్నాడు. పాలు పితకడం మరిచిపోయి చాలా ఏళ్ళైంది. గేదె ఒకసారి వెనక్కి తిరిగి చూసి, పోనీలే అన్నట్టు మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది.

వెళ్ళే రోజు పొద్దున్నే జ్యోత్స్న కారు మాట్లాడుకుని వచ్చింది. రాజ్యశ్రీ పెట్టె అప్పటికే నడవలో ఉంది. నాగలత అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళి నిలబడింది. సుబ్బరత్నమ్మ ఆమె చెయ్యి వెతికి పట్టుకుని, వేళ్ళను ఒక్కొక్కటిగా నిమిరి వదిలేసింది. "పోయిరా. జల్దీ రమ్మని చెప్పను. బాగయ్యాకే రా," అంది. జల్దీ అన్న మాట కోడలి నోటి నుంచే ఆమెకు అంటింది.

గుమ్మంలో బసవపున్నయ్య కంగారుగా ఎదురొచ్చాడు. "నాగలతా, పొద్దుటి మాత్ర కాఫీకి ముందా, తర్వాతా? అన్నం ఎంత మెత్తగా ఉండాలి? మధ్యాహ్నం ఏ పక్కకి తిప్పాలి? ఇంకేమన్నా ఉంటే చెప్పు."

చెప్పాల్సినవన్నీ వరసగా నాలుక చివరనే ఉన్నాయి. ఎడమ భుజం కింద దిండు పెట్టాలి. పెరుగన్నం చల్లగా ఉంటే మింగదు. మజ్జిగలో ఉప్పు లేకపోతే అలుగుతుంది గానీ పైకి చెప్పదు. నాగలత నోరు తెరిచింది. ఎదురుగా మంచం మీద సుబ్బరత్నమ్మ మొహం ఇటే తిప్పుకుని, తన సంగతి ఎవరు ఎవరితో చెబుతారో వినడానికి చెవి ఒగ్గి పడుకుని ఉంది.

"నన్నడుగుతరేంది?" అంది నాగలత. "మీ అమ్మనే అడుగుండ్రి. ఆమె చెప్తది."

కారెక్కి కూర్చుంది. జ్యోత్స్న నడుము వెనక దిండు సర్దింది. బండి కదలబోతుండగా ఇంట్లోంచి సుబ్బరత్నమ్మ గట్టిగా పిలిచింది. అలవాటు కొద్దీ నాగలత చెయ్యి కారు తలుపు మీదికి పోయింది.

"ఒరే పున్నయ్యా!"

పిలిచింది తనను కాదు.